నిమ్రూజ్ తివాచీ, కర్నూలు బేరం

సింగపూర్ వెళ్ళొచ్చినవాళ్ళు ఎత్తయిన భవనాల గురించీ, రోడ్డు మీద ఉమ్మితే వేసే జరిమానా గురించీ చెబుతారు. భవనాలు నేనూ చూశాను. జరిమానా మాత్రం పడలేదు. నా నోటికి మాట్లాడ్డంతోనే సరిపోయింది, వేరే పనికి తీరిక దొరకలేదు. ఇక్కడ రాస్తున్నది ఆ నోటి వల్ల నాకు జరిగిన శాస్తి గురించి, ఒక తివాచీ గురించి, దాన్ని నాకు అమ్మనని చెప్పిన మనిషి గురించి.

ముందు నా సంగతి. కర్నూలు బజారులో మాది చీరల దుకాణం. నేను నడక నేర్చింది గల్లా పక్కన, అంకెలు నేర్చింది కొలిచే టేపు మీద. పెళ్ళయి నాలుగు దుకాణాల అవతలికి కాపురానికి వెళ్ళాను కానీ సాయంత్రమైతే పుట్టింటి గల్లా దగ్గరే తేలతాను. మా పెద్దన్న అమ్ముతాడు, నేను కొనేవాళ్ళను లేవనివ్వను. మా తమ్ముడు శ్రీను ఒక్కడే ఈ పాపంలోంచి తప్పించుకుని కంప్యూటరు చదివాడు. మా వీధిలో ప్రతి రెండో ఇంటివాడూ కోర్సు పేరు చెప్పి అమీర్‌పేట బస్సెక్కుతున్న రోజులవి. వైటూకే హడావిడిలో సింగపూర్‌ బ్యాంకొకటి వాణ్ణి పట్టుకుపోయింది. ఆ హడావిడి చల్లారిన మరుసటి ఏడాది, వారం రోజులు ఉండి పొమ్మని నన్ను పిలిచాడు.

యీషున్

శ్రీను వాళ్ళ ఫ్లాటు యీషున్‌లో పదో అంతస్తు. సామాను దించకముందే హెచ్చరిక మొదలుపెట్టాడు.

"అక్కా, ఒక్క మాట ఇను. ఈడ బేరాలాడకూడదు. ఏ రేటుంటే ఆ రేటు. నా పరువు తియ్యొద్దు."

"రేటు పెట్టినోడూ మనిషే కదరా."

"అత్తా, ఫిక్స్‌డ్ ప్రైస్ లా!" అంది వాడి కూతురు మేఘన. పదకొండేళ్ళ పిల్ల. నా తెలుగు దానికి అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో వస్తుంది, చివర్న ఒక 'లా' తగిలించుకుని.

మర్నాడు పొద్దున్నే కింద మార్కెట్టుకు వెళ్ళాను. మునక్కాడల కట్ట రెండు డాలర్లన్నది చైనా ఆంటీ. మన లెక్కలో యాభై పైమాటే. కర్నూల్లో అంత పెడితే చెట్టే ఇస్తారు. ఆమెకు నా భాష రాదు, నాకు ఆమె భాష రాదు. వేళ్ళతో, కనుబొమ్మలతో, రెండుసార్లు వెనక్కి తిరిగి వెళ్ళిపోతున్నట్టు నటించడంతో పని జరిగింది. ధర తగ్గలేదు కానీ గుప్పెడు కరివేపాకు ఊరికే పడేసి, నా భుజం తట్టి పకపకా నవ్వింది. శ్రీను దేశం ఓడిపోయిందని ఇంటికొచ్చి ప్రకటించాను.

ఆ గర్వం మధ్యాహ్నానికి దిగింది. తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉన్న చోట, ఒక బల్ల మీద కాగితపు రుమాళ్ళ పొట్లం కనిపించింది. అతిథి మర్యాద అనుకుని విప్పి, చెమట తుడుచుకుని, ముక్కు కూడా చీదాను. ఇంతలో ఒకాయన నూడుల్స్ పళ్ళెంతో వచ్చి నన్నూ, తన పొట్లాన్నీ మార్చి మార్చి చూశాడు. ఆ పొట్లం పెడితే ఆ చోటు తనదని అర్థమట. మనం ఆర్టీసీ బస్సు కిటికీలోంచి చేతిరుమాలు విసిరినట్టే. తేడా ఒక్కటే, మన రుమాలుతో ఎవరూ ముక్కు చీదరు.

అరబ్ స్ట్రీట్

శుక్రవారం ఒక్కదాన్నే రైలెక్కి అరబ్ స్ట్రీట్‌కు వెళ్ళాను. వీధి పొడుగునా బట్టలు, అత్తర్లు, తివాచీలు. పుట్టింటికొచ్చినట్టనిపించింది. ఒక తివాచీల దుకాణంలో, పెద్ద పెద్ద ఎర్ర తివాచీల వెనక, నమాజు చేసుకునేంత చిన్నది ఒకటి వేలాడుతోంది. ఒంటె రంగు నేల, మధ్యలో ముదురు నీలం చెట్టు, రెండు అంచులకూ మేక వెంట్రుకల కుట్టు. దగ్గరికి పోతే ఇంకా మంద వాసన. చీటీ మీద చేత్తో రాసిన ఇంగ్లీషు అక్షరాలు: 'బలూచ్, నిమ్రూజ్'. కింద నాలుగొందల ఎనభై డాలర్లు.

గడ్డం నెరుస్తున్న ఒక మనిషి లోపలి నుంచి వచ్చాడు. పేరు లాల్ బక్ష్. నాది కర్నూలు బజారు ఉర్దూ, ఆయనది కరాచీ ఉర్దూ. రెండూ ఒకదాన్నొకటి చూసి నవ్వుకున్నా, పని నడిచింది.

"భాయ్, ఆఖరి మాట ఎంత?" అన్నాను. నా మొదటి మాట ఎప్పుడూ అదే.

ఆయన చెయ్యెత్తి ఆపాడు. "బెహన్, కూర్చోండి. ముందు హాల్ ఇవ్వండి."

హాల్ అంటే కబురు. బలూచీలలో ఎవరు ఎవరింటికొచ్చినా, చుట్టమైనా దారినపోయేవాడైనా, ముందు కూర్చుని హాల్ ఇవ్వాలట. ఎక్కడి నుంచి వచ్చారు, దారిలో ఏం చూశారు, వాన పడిందా, ఎవరు పోయారు, ఎవరు పుట్టారు, అన్నీ. తరవాత ఇంటివాడు తన హాల్ ఇస్తాడు. పని మాట ఆ తరవాతే. "ధర ఎక్కడికీ పోదు" అన్నాడు, టీ వంపుతూ.

అమ్మకంలో ఇదొక ఎత్తు అనుకున్నాను. ఎత్తుకు పైఎత్తు నా దగ్గర సిద్ధంగానే ఉంది. మా బజారులో కొనేవాడు ముందు ఇంట్లో కష్టం చెప్పుకుంటాడు. అమ్మేవాడు నమ్మడు, కానీ పది రూపాయలు తగ్గిస్తాడు. అది మర్యాద కిందికే వస్తుంది, దాన్ని అబద్ధమని ఎవరూ అనరు. కాబట్టి మర్యాదగానే మొదలుపెట్టాను. నేను బడిపంతులమ్మను. తమ్ముడు ఇక్కడే యీషున్‌లో ఉంటాడు, కంప్యూటర్లలో పని చేసేవాడు, పోయిన నెల ఉద్యోగం ఊడింది. ఇంట్లో పొయ్యి ఎట్లా వెలుగుతోందో దేవుడికే తెలియాలి. కాస్త మనశ్శాంతిగా ఉంటుందని ఈ తివాచీ...

లాల్ బక్ష్ వంపుతున్న టీ ఆపేశాడు. "యీషున్‌లో ఏ బ్లాకు? ఏ అంతస్తు?" అన్నాడు.

తివాచీ ఇంటికే పంపిస్తాడేమో, బండి ఖర్చు కలిసొచ్చిందని, సంతోషంగా చెప్పాను.

అంతలో దుకాణం యజమాని వచ్చాడు. ఆయన్ని అందరూ టౌకే అంటారు, అంటే సేఠు. చేతిలో అచ్చు వేసిన చీటీల కట్ట, అన్నిటి మీదా 'పర్షియన్'.

"సోమవారం పదకొండింటికి హోటల్ నుంచి కొనేవాళ్ళు వస్తున్నారు" అన్నాడు ఇంగ్లీషులో. "నీ పదకొండు ముక్కలకీ ఇవి కట్టు. బలూచ్ అంటే ఎవరికి తెలుసు లా? రెండు నెలల్లో ఒక్కటీ కదల్లేదు."

"పేరు మార్చకూడదన్న మాట మీదే తెచ్చాను, టౌకే."

"సోమవారం నీ పేరుతో అమ్ముడైతే సరే. లేదంటే ఇవి కడతావు, లేదా నీ వర్క్ పర్మిట్ కాగితం తీసుకుని ఇంటికి పోతావు."

ఆయన వెళ్ళాక లాల్ బక్ష్ ఆ సరుకు సంగతి చెప్పాడు. ఆ పదకొండూ వాళ్ళ అక్క గుల్ బీబీ, ఆమె గుడారాల ఆడవాళ్ళూ నేసినవట.

"పర్షియన్ అంటే డబ్బులెక్కువొస్తాయి కదా భాయ్, కట్టేయకూడదా?" అన్నాను. నా దృష్టిలో అది తెలివైన సలహా.

"మనిషి హాల్ మనిషి ఇస్తాడు. తివాచీకి నోరు లేదు, దాని హాల్ చీటీ ఇస్తుంది. హాల్‌లో అబద్ధం చెప్పినవాడికి మాలో రెండోసారి గుడారం తెర ఎత్తరు, బెహన్." మాట మార్చడానికన్నట్టు, ఆదివారాలు తనకు సెలవనీ, క్రాంజీలోని రెండో ప్రపంచ యుద్ధపు శ్మశానానికి వెళ్తాననీ చెప్పాడు. అక్కడ స్తంభం మీద తన జాతి పేరుందట.

తరవాత వేలాడుతున్న తివాచీ దించి మడతపెట్టేశాడు. "ఉద్యోగం పోయిన ఇంటికి తివాచీ అమ్మితే నాకు మంచిది కాదు. మీ తమ్ముడు నిలదొక్కుకోనివ్వండి."

నా జన్మలో మొదటిసారి ఒక దుకాణదారు నాకు సరుకు అమ్మనన్నాడు. పైగా నా అబద్ధం నమ్మి. ఇట్లాంటివాణ్ణి బేరంలో గెలవడమెట్లాగో నాకెవరూ నేర్పలేదు.

మళ్ళీ యీషున్

శనివారం మధ్యాహ్నం శ్రీను ఒంటిపూట ఆఫీసు నుంచి అప్పుడే వచ్చాడు, మెడలో ఆఫీసు కార్డు ఇంకా వేలాడుతోంది. తలుపు గంట మోగింది. గుమ్మంలో లాల్ బక్ష్, ఆయన వెనక ఒక పఠాన్ దర్జీ, ఒక కరాచీ వంటాయన. చేతుల్లో బాస్మతి బస్తా, నెయ్యి డబ్బా, ఖర్జూరాల పెట్టె, మూడు కంపెనీల ఫోన్ నంబర్లు రాసిన కాగితం.

"తమ్ముడూ, మీ ఉద్యోగం సంగతి విన్నాం" అన్నాడు లాల్ బక్ష్. "ఇది మా బిజార్. మాలో ఒక ఇంటికి కష్టమొస్తే అందరూ తలా కాస్త వేస్తారు. సిగ్గు పడకూడదు."

శ్రీను కార్డు చూసుకున్నాడు, బియ్యం బస్తా చూశాడు, చివరికి నన్ను చూశాడు. "నా ఉద్యోగానికేమైంది? అక్కా! ఏం చెప్పినావు నువ్వు?"

ఇద్దరికీ ఒకేసారి జవాబు చెప్పబోయాను. "బేరం కోసం అన్నాను, భాయ్" అని ఉర్దూలో ఒక ముక్క, "ఊరికే అన్యాన్రా" అని తెలుగులో ఒక ముక్క.

లాల్ బక్ష్ గట్టిగా అరిచి ఉంటే బాగుండేది. "హాల్‌లో చెప్పారు" అన్నాడంతే. బస్తా లోపల పెట్టి చెప్పులు తొడుక్కున్నాడు. శ్రీను వెంటపడి వెనక్కివ్వబోతే, "బిజార్ వెనక్కి పోదు" అని లిఫ్టు ఎక్కేశాడు.

"నా ఉద్యోగాన్ని బేరానికి పెట్టినావా?" అన్నాడు శ్రీను. అంతలోనే, పుట్టుక ఎక్కడికి పోతుంది, "ఎంత తగ్గిచ్చినాడు?" అన్నాడు.

"ఏం తగ్గియ్యలా."

"అత్తా, యూ లై, అహ్?" అంది మేఘన. ఆ ప్రశ్నకు ఫిక్స్‌డ్ ప్రైస్ ఒక్కటే ఉంది. కట్టాను. "అవునే" అన్నాను.

క్రాంజీ

ఆదివారం క్రాంజీకి బయల్దేరాను, యీషున్ నుంచి ఐదారు స్టేషన్లు. దిగి నడిస్తే గుట్ట మీద పచ్చగడ్డి, వరసల్లో తెల్ల రాళ్ళు. పైన విమానం రెక్కలాంటి కప్పు, దాని కింద స్తంభాల నిండా సమాధి కూడా దొరకని సైనికుల పేర్లు. లాల్ బక్ష్ ఒక స్తంభం ముందు నిలబడి ఉన్నాడు. ఖర్జూరాల పెట్టె గడ్డి మీద పెట్టి, ఎదురుగా కూర్చున్నాను.

"హాల్ ఇవ్వడానికొచ్చా" అన్నాను.

ఆయన కూర్చోలేదు. అయినా మొదలుపెట్టాను. నేను పంతులమ్మను కాదు, దుకాణం మనిషిని. తమ్ముడి ఉద్యోగం లక్షణంగా ఉంది. మా ఊళ్ళో కష్టం చెప్పుకోవడం బేరంలో భాగం, మీ దగ్గర అది కాదని నాకు తెలియలేదు. తెలిశాక కూడా బస్తా చూసి పొదుపైందని ఒక క్షణం అనిపించింది, అదీ హాలే, రాసుకోండి. ఇంకొకటుంది. మా ఊరికి దగ్గర్లో కోడుమూరు అని ఉంది, అక్కడివాళ్ళు బంగారంలాంటి చీరలు నేస్తారు. ఆ చీరల మీద మేం 'గద్వాల' అని చీటీ కడతాం. గద్వాల అంటే జనం కళ్ళు మూసుకుని కొంటారు. ఇరవై ఏళ్ళుగా ఆ చీటీలు రాస్తున్నది నేనే. నా చేతిరాత బాగుంటుందని మా నాన్న నాకిచ్చాడు ఆ పని.

ఆయన అప్పుడు కూర్చున్నాడు. ఖర్జూరం ఒకటి నా చేతిలో పెట్టి, తన హాల్ మొదలుపెట్టాడు.

పుట్టింది అఫ్ఘానిస్తాన్‌లోని నిమ్రూజ్‌లో, హెల్మంద్ నది ఒడ్డున. నది ఎండితే కుటుంబం ఇరాన్ వైపు జాహెదాన్ దగ్గర చుట్టాల్లోకి పోయింది. అక్క అక్కడే ఉంది. పెళ్ళిళ్ళకీ చావులకీ సరిహద్దు దాటుతుంది. సరిహద్దు తర్వాత వచ్చింది, చుట్టరికం ముందే ఉంది. భార్య కరాచీలోని లియారీ మనిషి. తమ్ముడు మస్కట్‌లో లారీ నడుపుతాడు.

"మొత్తం ఎంతమంది ఉంటారు మీవాళ్ళు?"

"ఏ ప్రభుత్వాన్ని అడిగితే ఆ లెక్క. ఎక్కువమంది పాకిస్తాన్‌లో, తరవాత ఇరాన్‌లో, కొందరు అఫ్ఘానిస్తాన్‌లో, గల్ఫ్ ఒడ్డున ప్రతి రేవులోనూ. తక్కువగా లెక్కపెట్టడంలో మాత్రం అందరూ ఒకటే."

మతం సంగతి అడిగాను. చాలామంది సున్నీలేనన్నాడు. "షియా రాజ్యంలో నన్ను సున్నీ అని వేలెత్తి చూపిస్తారు. లియారీలో మా అత్తవారిని జిక్రీలని వేలెత్తి చూపిస్తారు. వాళ్ళు గుండ్రంగా చేరి దేవుడి పేరు తలుస్తారు, మక్రాన్ సీమలో ఒక గుట్టకు యాత్ర పోతారు. నేను నమాజు చేసుకుంటాను. ఒకే ఇంట్లో రెండూ. ఇంట్లో ఎప్పుడూ గొడవ లేదు, వేళ్ళన్నీ బయటివే." బలూచీల ఊళ్ళల్లో దుకాణాలు చాలావరకు హిందువులవేనని, తెగ పెద్ద అయిన సర్దారు నీడలో తరాలుగా ఉన్నారని కూడా చెప్పాడు. "మీలాంటివాళ్ళే. ధర ముందు అడుగుతారు."

బ్రాహూయీలన్న మాట కూడా అప్పుడే విన్నాను. బలూచీలతో కలిసిపోయిన జనమేనట, భాష మాత్రం వేరు. వాళ్ళు రెంటిని ఇరట్ అని, మూడును ముసిట్ అని అంటారన్నాడు. "రెండు, మూడు" అన్నాను నేను. అంత దూరాన మా అంకెలకు చుట్టాలున్నారు. అంకెలు కాబట్టి వెంటనే నమ్మాను.

చివరికి స్తంభం చూపించాడు. ఆ యుద్ధంలో ఇంగ్లీషువాళ్ళ తరఫున పోరాడిన ఒక పటాలం పేరులో బలూచ్ అన్న మాట, కింద బారెడు పేర్లు. "చదివాను అన్నీ. పంజాబీలు, పఠాన్లు, డోగ్రాలు. ధైర్యంగా పోరాడినవాళ్ళే, దేవుడు చల్లగా చూడాలి. కానీ మావాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది కూడా లేరు. ఇక్కడ పేరు మాది, మనుషులు వేరు. దుకాణంలో పని మాది, పేరు వేరు." లేచి ప్యాంటుకంటిన గడ్డి దులుపుకున్నాడు. "నేను కట్టను, బెహన్. పర్మిట్ పోతే పోనీ."

సోమవారం

పదింటికే దుకాణంలో ఉన్నాను. టౌకే బల్ల మీద 'పర్షియన్' చీటీలు, పక్కన దారపు ఉండ. లాల్ బక్ష్ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. హోటల్ వాళ్ళ తరఫున పొడుగాటి ఒక మేడమ్ ముందుగానే వచ్చేసి, ఎర్ర తివాచీలు తిరగేస్తోంది. ఆమెకు వినబడేంత దూరంలో టౌకేను పట్టుకున్నాను. చిన్న తివాచీ మీద చెయ్యి వేసి, బీకాం ఇంగ్లీషులో దిగాను.

"నాలుగొందల ఎనభై. అంతేనా?"

"ఆఖరి ధర, మేడమ్. తగ్గదు లా."

"ఐదొందలు ఇస్తాను."

టౌకే నా మొహంలోకి చూశాడు. మా నాన్న చూసి ఉంటే గల్లా మీద కూలిపోయేవాడు.

"ఎందుకు?"

"బిల్లు మీద 'బలూచ్, నిమ్రూజ్' అని నువ్వు రాసి, ముద్ర వెయ్యాలి. చీటీ ఆయన చేతిరాతే ఉండాలి. పర్షియన్ అని రాస్తే నాలుగొందలు కూడా ఇవ్వను. పర్షియన్ అని చెప్పేది మా ఊరి ప్రతి డాక్టరు ఇంట్లోనూ ఉంది. నాకు అందరి దగ్గరున్నదెందుకు?"

"ఐదొందల ఇరవై ఇవ్వు, రాస్తాను" అన్నాడు. వాడూ మనవాడే!

"ఐదొందల ఐదు. పేరులో ఒక్క అక్షరం తప్పకుండా." ధర పెంచుకుంటూ బేరమాడటం నాకదే మొదలు.

రాశాడు. ముద్ర వేశాడు. మేడమ్ ఎర్ర తివాచీ వదిలేసి ఇటొచ్చింది. "బలూచ్ అంటే?" అంది. నేను తప్పుకున్నాను. లాల్ బక్ష్ ఆమెకు కుర్చీ వేశాడు. నది గురించి, అక్క గురించి, మేక వెంట్రుకల అంచు ఎందుకో చెప్పాడు. ధర ఊసెత్తలేదు. పావుగంట తరవాత ఆమె ఆరు తీసుకుంది, ఆయన చీటీలతోనే. మిగిలిన నాలుగింటినీ వద్దంది.

బొంత చుట్టినట్టు తివాచీ చుట్టి నా చేతికిచ్చి, లాల్ బక్ష్ అన్నాడు: "ఇప్పుడు ఆ గుడారం తెర మీ కోసం ఎత్తే ఉంటుంది."

కర్నూలు

వచ్చిన నెలకు ఆ దుకాణానికి ఫోన్ చేశాను. టౌకే ఎత్తాడు. మిగిలిన నాలుగింటికీ తానే 'పర్షియన్' చీటీలు కట్టాడట. మర్నాడు పొద్దున లాల్ బక్ష్ తివాచీ కత్తెరతో ఆ నాలుగు చీటీలూ కత్తిరించి, తన ఆఖరి జీతానికి బదులు ఆ నాలుగు తివాచీలనే తీసుకుని, భుజాన వేసుకుని మస్కట్ వెళ్ళిపోయాడట. "పిచ్చివాడు లా" అన్నాడు టౌకే. గొంతులో కోపం వెతికాను, దొరకలేదు.

ఫోన్ పెట్టేసి, కోడుమూరు చీరల అర దించాను. 'గద్వాల' చీటీలు ఒక్కొక్కటీ కత్తిరించి, కొత్తవి రాశాను. పెద్దన్న వచ్చి చూశాడు.

"పిచ్చి పట్టిందా నీకు? కోడుమూరు అని రాస్తే కోడుమూరోళ్ళు గూడా కొనరు."

"రాసేది నేను కదన్నా. ఇరవై ఏండ్లు నువ్వు చెప్పింది రాసినా."

"దుకాణం మూసుకుందామా?"

"నీకు నచ్చకపోతే వేరే ఎవరితోనైనా రాయించుకో. నా చేత్తో మాత్రం ఇదే రాస్తా."

వేరే ఎవరి చేతిరాతా బాగుండదు. ఆ సంగతి ఆయనకు తెలుసు, ఆయనకు తెలుసని నాకు తెలుసు. గొణుక్కుంటూ గల్లా దగ్గరికి పోయాడు.

ఆ వారం అనంతపురం నుంచి ఒకావిడ పెళ్ళి చీరలకు వచ్చింది. కోడుమూరు చీర ఒకటి ఒళ్ళో వేసుకుని చాలాసేపు నిమిరింది. చీటీ చూసి చెయ్యి తీసేసింది.

"గద్వాలవి లేవా?"

"ఆ అరలో ఉండాయమ్మా, గద్వాలలో నేసినవే. ఇవి కోడుమూరువి."

"తేడా ఏంది?"

"కూర్చో, చెప్తా. ముందు మీ ఊరి కబుర్లు చెప్పు, వానలు పడినాయా?"

ఆమె వింతగా చూసింది, కూర్చుంది, చెప్పింది. నేనూ చెప్పాను, ఉన్నదున్నట్టు, ఏ మగ్గం మీద ఎవరు నేశారో కూడా. టీ తాగింది. చివరికి గద్వాల అరలోంచి రెండు తీసుకుని వెళ్ళిపోయింది. అన్న గల్లా వెనకనుంచి నా వైపు చూస్తూనే ఉన్నాడు.

ఆవిడ నిమిరిన చీర మడతపెట్టి అరలో పైన పెట్టాను. చీటీ బయటికి కనబడేట్టు.